సర్దార్ మాట ఏం అడుగుతోంది?

తెలుగువాళ్ళు కూలికి ఓడెక్కి పోయిన దీవిలో, బ్రిజే వెర్దియేర్ చెరుకు పొలాల్లో కూలిజట్టు మేస్త్రీ అయిన సర్దార్ చిన్నయ్య నోరు తెరిస్తే గోరువంకలు కూడా లేచి అవతలి గట్టున వాలేవని చెప్పుకునేవారు. కాస్త పెంచి చెప్పిన మాటే, కాదనను. కానీ ఆ నోటి కింద పదేళ్ళు కలుపు తీసిన వసంతిని అడిగితే, పెంచింది గోరంతే అంటుంది. పొద్దున్నే పదకొండుమంది ఆడవాళ్ళు కలుపు తవ్వే పియోసులు భుజాన వేసుకుని గట్టు మీద నిలబడేసరికి ఆయన మొదలుపెట్టేవాడు. తిట్టు, పొగడ్త, బెదిరింపు, బుజ్జగింపు, మధ్యలో ఓ సామెత. అంతా అయ్యేసరికి చెరుకాకుల మీది మంచు ఆరిపోయేది.

ఇదివరకు ఆ తిట్లకి వసంతికి ఏడుపొచ్చేది. ఈ ఏడు మాత్రం నవ్వొస్తోంది. ఆ నవ్వు ఆదివారం బడి పెట్టిన భిక్ష.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. చదవడం, రాయడం వచ్చిన పెద్దవాళ్ళందరికీ, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా, ఓటు ఇస్తామని దొరల ప్రభుత్వం ఒప్పుకుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు. తెలుగులోనే నాలుగు ముక్కలు చదివి, నాలుగు ముక్కలు రాసి చూపిస్తే జాబితాలో పేరెక్కుతుంది. ఆ కబురు రాగానే ఊళ్ళో తెలుగువాళ్ళ బైట్కాకి ప్రాణం లేచొచ్చింది. బైట్కా అంటే నలుగురూ చేరే చావడి; పెద్ద భవంతి అనుకునేరు. రేకుల కప్పు, రెండు బెంచీలు, మూలన భజనకి వెలిగించే దీపపు సెమ్మె, అంతే. అవతలి ఊరు కార్తియే మిలితేర్‌లో కుట్టుమిషను పెట్టుకుని పంట్లాలు కుట్టే మునుస్వామి ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి అక్కడ పాఠం చెప్పేవాడు. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతోనే పలక మీద అక్షరాలు గీసేవాడు.

వసంతికి ఆ జాబితాలో పేరు కావాలి. పెళ్ళినాడు కాగితం మీద ఆమె సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టింది. బిడ్డలిద్దరూ పుట్టినప్పుడు రెండు ఇంటూలు, అమ్మ పోయినప్పుడు ఇంకొకటి. "నా బతుకంతా పంతులు కొట్టేసిన లెక్కలా ఉంది" అనేది మొగుడితో. ఆ మాట నవ్వుతూనే అనేది గానీ, అన్నాక పొయ్యి దగ్గరికి పోయి మంట ఎగదోసేది.

అక్షరాలు, గుణింతాలు అయ్యాక మునుస్వామికి చిక్కొచ్చి పడింది. ఉన్న ఒక్క వాచకంలో ఆవు పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది. రోజంతా పొలంలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చినవాళ్ళకి ఆవు పాలివ్వడంలో వింతేముంది? రెండో వాక్యానికే కునికిపాట్లు. అప్పుడాయన ఒక ఉపాయం పన్నాడు.

"పుస్తకం మూసేయండి. సర్దార్ మీతో రోజూ చాలా మాటలంటాడు గదా? వచ్చే ఆదివారానికి తలా ఒక మాట పట్టుకు రండి. అది తెలుగులో రాద్దాం."

వాళ్ళు ఇంట్లో, పొలంలో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన దీవి భాష, క్రియోలే. తెలుగు దేవుడి కోసం, చుట్టరికాల కోసం, పెళ్ళిపాటల కోసం దాచుకున్న భాష. సర్దార్ క్రియోల్‌లో అన్నదాన్ని తెలుగులోకి తిప్పడమే సగం చదువైపోయింది. మరుసటి ఆదివారం ఒక్కరికీ నిద్ర రాలేదు.

జట్టులో అందరికంటే పెద్దది వెంకమ్మ. ముందు పళ్ళు మూడే మిగిలాయి గానీ ఆ మూడూ మాటని భలే గట్టిగా కరిచి పట్టుకునేవి. ఆమె పలక ఎత్తి చూపించింది. "మీ కంటే కుర్పాలు నయం. అవి మీ కంటే ముందు గట్టు చేరతాయి." కుర్పా అంటే ఆ దీవిలో వానాకాలం గోడలెక్కే పెద్ద నత్త.

"బాగుంది" అన్నాడు మునుస్వామి. "ఈ మాట ఏం అడుగుతోంది?"

"నా నడుము అడుగుతోంది, ఇంకేం అడుగుద్ది" అంది వెంకమ్మ.

అందరూ ఘొల్లుమన్నారు. మునుస్వామీ నవ్వాడు. "అదే, అదే కావాలి నాకు. తొందరగా పని చెయ్యండి అంటే సరిపోను. నత్తని ఎందుకు తెచ్చాడు? ఉన్నదాన్ని సాగదీసి చెప్పాడు, దాన్ని అతిశయోక్తి అంటారు. ఇంకెవరు?"

వసంతి తన పలక చదివింది. "'ఆహా లక్ష్మీ, ఎంత చక్కగా చేశావు! గడ్డి ఉంచి చెరుకు పీకావు.'"

"పైకి పొగడ్త, లోపల తిట్టు. దాన్ని వ్యాజస్తుతి అంటారు" అన్నాడు మునుస్వామి.

"ఆయో, నన్ను తిట్టిన తిట్టుకి ఇంత మంచి పేరుందా!" అని లక్ష్మి మురిసిపోయింది.

అలా వారం వారం సర్దార్ గారి నోట్లో ఉన్న సరుకంతా బైట్కా బెంచీ మీదికి వచ్చింది. ఆయన మనిషిని ఎలా లొంగదీస్తాడో మునుస్వామి పొయ్యి రాళ్ళతో చూపించాడు. "మూడు రాళ్ళుంటేనే కుండ నిలబడుద్ది. 'ముప్పై ఏళ్ళు ఈ పొలంలో ఎండాను, నేను చెప్తే వినండి' అంటే, తన మొహం చూసి నమ్మమంటున్నాడు, అదొక రాయి. 'నాకూ ఆడపిల్లలున్నారమ్మా' అంటే మీ గుండె తడుముతున్నాడు, అది రెండోది. 'ఇవాళ పీకి పారేయకపోతే రేపు వానకి మళ్ళీ లేస్తుంది' అంటే మీ బుర్రకి చెబుతున్నాడు, మూడోది. ఎవరు ఏం మాట్లాడినా రాళ్ళు వెతకండి. రేపు ఓటడగడానికి వచ్చే పెద్దమనుషుల మాటల్లోనూ వెతకండి."

దాంతో పొలంలో కొత్త సరదా పుట్టింది. "ఈ వరస చూడండి, దువ్విన తలలా ఎంత నున్నగా ఉందో" అని సర్దార్ అనగానే, "ఉపమ" అని ఒకరు గొణిగేవారు. పక్కనామె మూతి బిగించుకునేది. ఆయన ఎర్రగా చూసేవాడు. ఆ చూపుకి ఇంకాస్త నవ్వొచ్చేది. తమాషా ఏమిటంటే, నవ్వుతూ వంగిన నడుములు ఏడుస్తూ వంగినవాటి కంటే తొందరగా కదిలాయి. వరసలు ముందే పూర్తయ్యేవి. వసంతికి ఇంకో సంగతి కూడా తోచింది: ముసలాయన నిజంగా బాగా మాట్లాడతాడు. పదేళ్ళుగా తిట్లని తలొంచుకుని పడిందే తప్ప, విననే లేదు.

ఇంతలో పేర్లు రాసుకునే ఆఖరి రోజు తెలిసింది. మూడు వారాల తర్వాత వచ్చే మంగళవారం, ఫ్లాక్‌లో, బస్సులో పోయే ఆ బజారు ఊరి కచేరీలో, మధ్యాహ్నం పన్నెండు దాటితే లేదు. మంగళవారం పనిదినం. చెప్పకుండా మానేస్తే జట్టులో చోటు పోతుంది. సర్దార్ సెలవివ్వాలి. ఆయన్ని ఒకసారి అడిగి చూశారు. "పా కపావ్! కుదరదంటే కుదరదు!" అని ఒక్క అరుపు అరిచి అవతలికి పోయాడు.

"మళ్ళీ అడుగుదాం, కానీ తెలుగులో అడుగుదాం" అంది వసంతి ఆ ఆదివారం. "క్రియోల్‌లో అడిగితే క్రియోల్‌లో తిడతాడు. తెలుగులో తిట్టడం ఆయనకేం వచ్చు? మనలో ఎవరికొచ్చు?"

నిజమే. ఆ ఊళ్ళో తెలుగులో తిట్టు ఒక్కటీ మిగల్లేదు; తాతలతోనే పోయాయి. మునుస్వామికి ఆ తర్కం తెగ నచ్చింది. మూడు రాళ్ళూ పేర్చి విన్నపం తయారు చేశారు. పదేళ్ళ పనితనం ఒక రాయి, సంతకం రాక తమ తల్లులు వేసిన వేలిముద్రలు ఒక రాయి, మంగళవారం వరసలు సోమవారమే పీకేస్తామన్న మాట మూడో రాయి. మర్యాదగా మొదలుపెట్టడం వసంతికే వదిలేశారు.

మర్నాడు టీ తాగే వేళ సర్దార్ టోపీ పక్కన పెట్టి, రేకు కప్పు చేతిలో పట్టుకుని రాళ్ళ గుట్ట మీద కూర్చుని ఉన్నాడు. పదకొండుమందీ వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు. వసంతి చేతులు జోడించింది. ఒక పెద్దమనిషిని తెలుగులో గౌరవంగా ఎలా పలకరించాలి? ఆమెకి వచ్చిన గౌరవపు తెలుగంతా ఒక్కచోట నేర్చుకున్నదే, దీపం సెమ్మె ముందు.

"ఓ ఆపద్బాంధవా! అనాథరక్షకా! దీనుల మొర ఆలకించవయ్యా..."

ఆ మాటలు మామూలు గొంతుతో రావు. రాగంతోనే వచ్చాయి. వెనక పదిమంది పుట్టిన దగ్గర్నుంచి అలవాటైన పనే చేశారు.

"గోవిందా! గోవిందా!"

వసంతి బిత్తరపోయింది. ఆపుదామనుకుంది. కానీ ఎత్తుకున్న భజన మధ్యలో ఆపితే అరిష్టమని ఆమెకి తెలుసు, అందరికీ తెలుసు, ముఖ్యంగా చిన్నయ్యకి తెలుసు. ఊరి రామభజనలో ఇరవై ఏళ్ళుగా ముందుండి పాడేది ఆయనే. ఆయన కప్పు కింద పెట్టాడు. అరచేతులు వాటంతటవే తాళం వేయడం మొదలుపెట్టాయి. "శ్రుతి దించు" అని కళ్ళతోనే సైగ చేశాడు. పదేళ్ళ పనితనం ఒక చరణమైంది, తల్లుల వేలిముద్రలు ఒక చరణమయ్యాయి, "మంగళవారపు వరసలు సోమవారమే" అన్నది పల్లవిలా తిరిగి తిరిగి వచ్చింది. చివర్న మంగళం సర్దారే పాడాడు. లక్ష్మి ఆవిర్లు కక్కే టీ కప్పుతో హారతి తిప్పి, డబ్బాలోని బిస్కట్లు ప్రసాదంగా పంచింది. సర్దార్ కళ్ళకద్దుకుని తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు.

"పాట బాగుంది" అన్నాడు. "సెలవు లేదు."

వెంకమ్మ ఊరుకోలేదు. ఆయన్ని ఉయ్యాల్లో ఊపిన మనిషి. "ఎందుకు లేదురా చిన్నయ్యా? ప్రసాదం తిన్న నోటితో అలా ఎలా అంటావు?"

"వానలు మీదున్నాయి. కలుపు ముంచేస్తుంది. మానేజరు ఒప్పుకోడు. మీ ఓటుతో చెరుక్కి తీపెక్కుతుందా? అలే, అలే, పనికి నడవండి!"

ఆ రోజు నవ్వుల్లేవు. వసంతి గడ్డితో పాటు రెండు చెరుకు మొక్కలు కూడా పీకేసింది.

ఆదివారం అందరూ ఆ జవాబునే పలకల మీద రాశారు. మునుస్వామి మామూలుగానే అడిగాడు, ఈ మాట ఏం అడుగుతోందని. పోవద్దని అడుగుతోంది, అది తెలిసిందే. "రాళ్ళు లెక్కపెట్టండి" అన్నాడు. వసంతి లెక్కపెట్టింది. వాన, కలుపు, మానేజరు. అన్నీ మూడో రాయే, బుర్రకి చెప్పేదే. సర్దార్ ఏ సంగతైనా "నేను" అని మొదలుపెట్టే మనిషి. నేను ముప్పై ఏళ్ళుగా, నేను మీ వయసులో, నేను కాబట్టి సరిపోయింది. ఓటు సంగతిలో మాత్రం ఒక్క "నేను" లేదు. నేను పేరు రాయించుకున్నాననీ లేదు, రాయించుకోననీ లేదు.

"చెప్పింది చదవడం చిన్న చదువు" అన్నాడు మునుస్వామి ఎవరినీ చూడకుండా, సుద్దముక్క జేబులో వేసుకుంటూ. "చెప్పనిది చదవడం పెద్ద చదువు."

వసంతికి సర్దార్ హాజరు పుస్తకం కళ్ళ ముందు మెదిలింది. అందులో వెంకమ్మ పేరు చోట ఒక చుట్ట బొమ్మ. లక్ష్మికి రెండు జడలు. వసంతికి ఐదు రేకుల పువ్వు. ఎంత ముద్దుగా వేశాడో అని అందరూ ముచ్చటపడేవారు. భజనలో ఆయన ముందు పుస్తకం తెరిచి ఉంటుంది, కళ్ళు మూసుకుని పాడతాడు, అప్పుడప్పుడూ ఒక పేజీ తిప్పుతాడు. భక్తి అనుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఊరంతా భక్తే అనుకుంది. ఆమెకి ఆయన మీద ఉన్న కోపం ఆ క్షణంలోనే దిగిపోయింది. అక్షరం రాని మనిషి ఇంటూ గుర్తు పెడుతూ ఏమనుకుంటాడో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. పదకొండు పేర్లు జాబితాకెక్కి, వాళ్ళ సర్దార్ పేరు ఎక్కకపోతే, ఆ నోరు మర్నాడు పొద్దున ఏమని తెరుస్తాడు?

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వెంకమ్మకి కూడా. అది చిన్న త్యాగం కాదు.

సోమవారం పని దిగాక రాళ్ళ గుట్ట దగ్గర ఆయన ఒక్కడే ఉన్నాడు. వసంతి వెళ్ళింది. దారంతా మాటలు పేర్చుకుంటూనే ఉంది. నీకు రాదు అనకూడదు, నేర్పుతాను అనకూడదు, జాలి అసలే కనపడకూడదు.

"మావా, మాకో ఇబ్బందొచ్చింది" అంది. "పరీక్షకి భజన పుస్తకం తీసుకెళ్ళొచ్చంట, అందులోంచే చదవమంటారంట. మేం ఒక్కో అక్షరం గుర్తుపడతాం గానీ, మాట ఎక్కడ విరవాలో, ఎక్కడ కలపాలో తెలీట్లా. మీకైతే పుస్తకమంతా నోటికొచ్చు. మీరు బైట్కాకొచ్చి మెల్లగా పాడండి. మీరు పాడేకొద్దీ మేం అక్షరాల మీద వేలు పెట్టి వస్తాం. మీరు మా వేలు చూస్తా ఉండండి. తప్పు పెడితే చెప్పండి."

సర్దార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెరుకు మీద గాలి ఒక కొస నుంచి ఇంకో కొసకి పోయింది.

"పొలంలో ఉపమ, ఉపమ అని గొణుక్కుంటారే" అన్నాడు చివరికి. "నాకు వినపడదనుకున్నారా?"

వసంతి తల వంచుకుంది.

"ఇప్పుడు నువ్వు మాట్లాడినదాన్ని ఏమంటారు మరి? ఏదో పేరుండే ఉంటుంది."

"దానికి పేరు నేర్పలేదు మావా."

ఆయన ముక్కు గట్టిగా చీది, టోపీ పెట్టుకున్నాడు. "మంగళవారం వరసలు సోమవారం సాయంత్రానికి పూర్తి కావాలి. ఒక్క గడ్డిపరక కనపడినా బస్సెక్కనివ్వను" అన్నాడు. "నన్ను కూడా కలిపే చెబుతున్నా."

ఆ మిగిలిన రోజుల్లో బైట్కాలో జరిగింది చూసి తీరాల్సిందే. సర్దార్ పాడతాడు, వసంతి వేలు అక్షరాల మీద నడుస్తుంది, ఆయన కళ్ళు ఆ వేలు వెంట నడుస్తాయి. ఇరవై ఏళ్ళుగా నోట్లో ఉన్న మాటలు కాగితం మీద ఎలా కూర్చున్నాయో ఒక్కొక్కటే చూసుకుంటుంటే ఆయన మొహం విప్పారిపోయేది. "ఓహో, రాముడిలో మ ఇలా ఉంటాడా! మంగమ్మలోనూ వీడేనా?" మంగమ్మ ఆయన భార్య. పని దిగాక రాళ్ళ గుట్ట మీద బొగ్గుతో రాసేవాడు. రెండో వారానికి హాజరు పుస్తకంలో పువ్వు బొమ్మ పక్కన "వ" వచ్చి చేరింది. కొంచెం వాలిపోయిన "వ". వసంతి అది చూసి, ఆ పూట ఎవరూ చెప్పకుండానే రెండు వరసలు ఎక్కువ పీకింది.

మంగళవారం పొద్దున పన్నెండుమందీ ఉతికిన బట్టలు కట్టుకుని ఫ్లాక్ బస్సెక్కారు. సర్కారు కచేరీలో గుమాస్తా పక్కన, తెలుగు పరీక్షించడానికి కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వెళ్ళారు. వెంకమ్మ చదివి, రాసి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగి మరీ లేచింది. వసంతి వంతు వచ్చింది. చదివింది. కలం పట్టుకుని తన పేరు రాసింది. ఐదు రేకులూ లేవు, ఇంటూ లేదు. అక్షరాలు మూడే, కానీ వాటిని అలా చూస్తూ ఉండిపోయింది. గుమాస్తా కాగితం మెల్లగా లాక్కోవాల్సి వచ్చింది. కళ్ళు తుడుచుకుని పక్కకి జరిగి నిలబడింది.

చివర సర్దార్. పెద్దాయన భజన పుస్తకంలో ఒక పేజీ తెరిచి వేలితో చూపించాడు. సర్దార్ కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని చదివాడు. అంటే, పాడాడు. మామూలు గొంతుతో ఆ మాటలు రావు మరి. బెంచీ మీద పదిమందీ ఊరుకోవాలనే అనుకున్నారు.

"గోవిందా! గోవిందా!"

గుమాస్తా కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "నోటికొచ్చిన పాట పాడితే చదివినట్టు కాదు" అన్నాడు, నవ్వు ఆపుకుంటూనే. "సొంతంగా రెండు మాటలు రాయి చూద్దాం."

పొలంలో గంటల తరబడి మాట్లాడే మనిషి ఒక్క మాటా అనకుండా కాగితం మీదికి వంగాడు. కలం నిబ్బు గీరుకున్న చప్పుడే వినపడింది. నుదుటి మీది చెమట కాగితం మీద ఒక బొట్టు పడింది. పక్కన నిలబడ్డ వసంతి చూడకూడదనుకుంటూనే చూసింది. వంకరగా, వాలిపోతూ, కానీ పూర్తిగా రెండు వాక్యాలు ఉన్నాయి.

"నా పేరు చిన్నయ్య. నాకు చదువు వసంతి చెప్పింది."

పెద్దాయన చదివి, గుమాస్తా వైపు తల ఊపాడు. గుమాస్తా జాబితాలో పేరు రాసుకున్నాడు.

బయట మునుస్వామి మిషను కట్టేసి మరీ వచ్చి ఎదురు చూస్తున్నాడు. వసంతి చెయ్యి పట్టి ఆపి, సర్దార్ ఏం రాశాడో చెప్తేగానీ కదలనంది వెంకమ్మ. చెప్పక తప్పలేదు. మునుస్వామి అలవాటు కొద్దీ అడిగాడు.

"ఈ మాట ఏం అడుగుతోంది?"

వెంకమ్మ ఆలోచించింది. ఆమె అంతసేపు ఆలోచించడం ఎవరూ చూడలేదు.

"ఏమీ అడగట్లా" అంది. "ముప్పై ఏళ్ళలో వాడి నోట్లోంచి ఏమీ అడగని మాట ఇదొక్కటే."

సర్దార్ చెవులు ఎర్రబడ్డాయి. బస్సు హారన్ మోగింది. ఆయన టోపీ సర్దుకుని, గొంతు పెంచి, "అలే, అలే! ఇంకా నిలబడ్డారేం? కుర్పాలు మీ కంటే ముందు బస్సెక్కుతాయి!" అని అరిచాడు.

"అతిశయోక్తి!" అన్నారు పదకొండుమందీ ఒక్క గొంతుతో, ఫ్లాక్ బజారంతా తిరిగి చూసేలా.

"కాదు" అన్నాడు సర్దార్, బస్సు మెట్టు మీద నిలబడి వసంతికి చెయ్యి అందిస్తూ. "వెంకమ్మ నడక చూసి చెప్పండి."